ఆర్ద్ర నక్షత్రం వెలుగును కంటితోనే కొలవడం ఎలా: మొదటి చూపు నుంచి రిపోర్ట్ దాకా

"ఆర్ద్ర ఇవాళ కాస్త డల్‌గా ఉన్నట్టుంది, నిజమేనా?" ఈ ప్రశ్న ప్రతి సీజన్‌లోనూ వస్తుంది. దేనితో పోలిస్తే డల్ అని తిరిగి అడిగితే, పోయిన వారం చూసిన గుర్తుతో అంటారు. వెలుగు విషయంలో జ్ఞాపకాన్ని నమ్మడానికి లేదు. పక్కన ఇంకో చుక్క ఉండాలి, దాని వెలుగు ఎంతో ముందే తెలిసి ఉండాలి. ఆ రెండో చుక్కను ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. చాలామంది తప్పేది కూడా అక్కడే.

టెలిస్కోప్ అక్కర్లేదు, బైనాక్యులర్ కూడా అక్కర్లేదు. ఓపిగ్గా చేస్తే ఫలితం 0.1 లేదా 0.2 మాగ్నిట్యూడ్ (చుక్క వెలుగును చెప్పే అంకె) తేడాతో వస్తుంది. ఈ నక్షత్రానికి అది చాలు, ఎందుకంటే దాని వెలుగులో వచ్చే మార్పు అంతకన్నా చాలా పెద్దది.

1. ఏం కొలవబోతున్నాం

ఆర్ద్ర అంటే బెటెల్‌గూస్. ఎర్రటి మహాతార, వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే వేరియబుల్ నక్షత్రం. దాని వెలుగు సుమారు 0.0 నుంచి 1.6 మాగ్నిట్యూడ్ మధ్య తిరుగుతుంది. ఎక్కువ కాలం 0.3, 0.9 మధ్యే ఉంటుంది.

మాగ్నిట్యూడ్ అంకె తగ్గే కొద్దీ వెలుగు ఎక్కువ. కొత్తవాళ్లు రాసే నోట్స్‌లో ఇది తిరగబడిపోతుంటుంది, కాబట్టి పుస్తకం మొదటి పేజీలోనే రాసి పెట్టుకోండి. ఒక మాగ్నిట్యూడ్ తేడా అంటే వెలుగులో దాదాపు రెండున్నర రెట్ల తేడా.

మార్పు నెమ్మదిగా జరుగుతుంది. సుమారు 400 రోజుల ఊపు ఒకటి, దాని మీద ఆరేళ్లకు దగ్గరగా ఉండే పొడవైన ఊపు ఇంకొకటి ఉన్నాయి. అందుకే రోజూ కొలవడం వల్ల లాభం లేదు. వారానికో, పది రోజులకో ఒకసారి చాలు. రోజూ చూస్తే నిన్నటి అంకె మనసులో ఉండిపోయి ఇవాళ కూడా అదే కనిపిస్తుంది.

2. ఎప్పుడు చూడాలి

డిసెంబర్ 20 ప్రాంతంలో ఆర్ద్ర అర్ధరాత్రికి ఆకాశంలో తన గరిష్ఠ ఎత్తుకు చేరుతుంది. అక్కడి నుంచి రోజుకు నాలుగు నిమిషాల చొప్పున ముందుకు జరుగుతుంది. అంటే జనవరి 20కి రాత్రి పది, ఫిబ్రవరి 20కి రాత్రి ఎనిమిది. ఇవి స్థానిక సూర్యగమనం ప్రకారం వేసిన లెక్కలు. గడియారంలో చూస్తే మీ టైమ్ జోన్‌ను బట్టి అరగంటో, ఇంకాస్త ఎక్కువో తేడా ఉంటుంది.

జూన్‌లో సూర్యుడు ఆర్ద్రకు దగ్గరగా వస్తాడు. అందుకే మే మధ్య నుంచి జులై దాకా కొలవడం కుదరదు. ఆగస్టులో తెల్లవారుజామున తూర్పున మళ్లీ కనిపిస్తుంది.

3. చుక్కల్ని గుర్తుపట్టడం

ఆర్ద్ర ఉండే చుక్కల గుంపు పేరు ఓరియన్. దాని మధ్యలో మూడు చుక్కలు దగ్గర దగ్గరగా ఒకే వరసలో ఉంటాయి. ఆ వరసకు ఒక పక్క నారింజ రంగులో వెలిగేది ఆర్ద్ర, సరిగ్గా ఎదుటి పక్క తెల్లగా మెరిసేది రిగెల్. ఆర్ద్ర పక్కనే, రెండో భుజంలా ఉండే చుక్క బెల్లాట్రిక్స్.

మూడు చుక్కల గీతను ఒక వైపు పొడిగిస్తే సిరియస్ వస్తుంది, ఇంకో వైపు పొడిగిస్తే రోహిణి దగ్గరికి చేరుతుంది. ఆర్ద్ర, సిరియస్, ప్రోసియన్ కలిసి దాదాపు సమబాహు త్రిభుజంలా ఉంటాయి. ప్రోసియన్ నుంచి ఇంకాస్త ఉత్తరానికి వెళ్తే పునర్వసు జంట కనిపిస్తుంది. ఆ రెండింటిలో ప్రోసియన్‌కు దగ్గరగా, కాస్త పసుపుగా, కాస్త ఎక్కువ వెలుగుతో ఉన్నది పోలక్స్, రెండోది కాస్టర్.

ఒక జాగ్రత్త. అంగారకుడు, గురుడు, శని కూడా రోహిణి, పునర్వసుల మధ్య నుంచి వెళ్తుంటారు. అంగారకుణ్ణి చూసి రోహిణి అనుకోవడం మామూలే. మ్యాప్‌లో లేని పెద్ద చుక్క కనిపిస్తే అది గ్రహమేమో చూసుకోండి. స్టెల్లేరియం లాంటి యాప్‌లో ఆ రాత్రి ఆకాశాన్ని ముందే ఒకసారి చూసుకుంటే ఈ గొడవ ఉండదు.

4. బయటికి వెళ్లే ముందు

- నోట్‌బుక్, పెన్సిల్. ఫోన్‌లో రాసుకుంటే తెర వెలుగు కంట్లో పడుతుంది.
- మసక ఎర్ర లైట్ ఒకటి.
- పోలిక చుక్కల అంకెలు రాసిన కాగితం.
- తుడిచిన కళ్లద్దాలు. అద్దం మీద వేలిముద్ర ఉంటే ప్రతి చుక్క చుట్టూ మసక వలయం వస్తుంది.
- సరైన సమయం చూపించే గడియారం. నిమిషాల దాకా చాలు, సెకన్లు అక్కర్లేదు.
- పాత రీడింగ్‌లు ఉన్న పేజీ మూసేసి ఉండాలి.

నిలబడే చోట వీధి దీపం నేరుగా కంట్లో పడకపోతే చాలు. ఇవి ప్రకాశవంతమైన చుక్కలు కాబట్టి నగరం నుంచి కూడా బాగానే కొలవొచ్చు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి పది పదిహేను నిమిషాలు ఇవ్వండి.

5. పోలిక చుక్కల్ని ఎంచుకోవడం

అందుబాటులో ఉన్నవి ఇవి, అంకెల్ని ఒక దశాంశానికి సవరించి ఇస్తున్నాను:

- కాపెల్లా (బ్రహ్మహృదయం): 0.1
- రిగెల్: 0.1
- ప్రోసియన్: 0.4
- రోహిణి: 0.9
- పోలక్స్: 1.1
- కాస్టర్: 1.6
- బెల్లాట్రిక్స్: 1.6

మీరు వాడే చార్ట్‌లో (చుక్కల పక్కన వాటి వెలుగు అంకెలు వేసిన మ్యాప్) 0.1 తేడాతో వేరే అంకె ఉంటే చార్ట్‌లోదే తీసుకోండి. ఏది తీసుకున్నా సీజన్ అంతా దాన్నే కొనసాగించండి.

మూడు విషయాలు చూడాలి. మొదటిది, ఒక పోలిక చుక్క ఆర్ద్ర కన్నా ఎక్కువ వెలుగుతో, ఇంకొకటి తక్కువ వెలుగుతో ఉండాలి. రెండోది, అవి ఆర్ద్రతో పాటు దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. మూడోది రంగు, వీలైనంత దగ్గరగా ఉండాలి. మూడూ ఒకేసారి కుదరవు. కుదరనప్పుడు నేనైతే రంగును వదులుకుంటాను కానీ ఎత్తును వదులుకోను.

రంగు పరంగా రోహిణి అన్నిటికన్నా దగ్గర. అయితే అది కూడా కొద్దిగా మారే నక్షత్రమే. రిగెల్ కూడా అంతే, పైగా నీలి తెలుపు కాబట్టి ఎర్రటి ఆర్ద్రతో పోల్చడం కంటికి కష్టం. మామూలు రోజుల్లో ప్రోసియన్, పోలక్స్ జంట బాగా పనిచేస్తుంది. రోహిణిని మూడో సాక్షిగా పెట్టుకోండి. సిరియస్ జోలికి మాత్రం వెళ్లొద్దు, −1.5 దగ్గర ఉన్న చుక్కతో దీన్ని పోల్చలేం.

6. చూసే పద్ధతి

1. ముందు ఆకాశం మొత్తం ఒకసారి చూడండి. పల్చటి మబ్బు తెర ఏ మూలైనా ఉందా? చంద్రుడి చుట్టూ, దీపాల చుట్టూ వలయం కనిపిస్తే ఆ రోజుకి మానేయండి.

2. ఆర్ద్రను రెండు మూడు సెకన్లు చూసి వెంటనే పోలిక చుక్క మీదికి వెళ్లండి. మళ్లీ వెనక్కి రండి. ఇలా ఐదారు సార్లు. ఒకే చోట చూపు నిలపకండి. ఎర్ర చుక్కను అదే పనిగా చూస్తూ ఉంటే కంటికి దాని వెలుగు పెరుగుతున్నట్టు అనిపిస్తుంది.

3. చుక్కను నేరుగా చూడండి. మసక చుక్కల కోసం నేర్చుకున్న ఓరచూపు ఇక్కడ పనికిరాదు. కంటి అంచుల్లో ఉండే కణాలు ఎరుపును సరిగ్గా పట్టుకోలేవు, అందువల్ల ఆర్ద్ర ఉన్నదాని కన్నా మసగ్గా కనిపిస్తుంది.

4. రెండు చుక్కల్ని కలిపే గీత మీ రెండు కళ్ల గీతకు సమాంతరంగా వచ్చేలా తల వంచండి. ఒకటి పైన, ఒకటి కింద ఉన్నట్టు చూస్తే కన్ను ఒకదాని వైపు మొగ్గుతుంది. వినడానికి వింతగా ఉంటుంది కానీ తల వంచి, నిటారుగా పెట్టి రెండు రకాలుగా చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

5. చుక్క మిణుకుమిణుకుమంటూ ఉంటే ఏదో ఒక మెరుపును పట్టుకోకండి. కొన్ని సెకన్ల సగటు తీసుకోండి.

6. దూరపు చూపుకు అద్దాలు వాడేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. అద్దాలు తీసేస్తే చుక్కలన్నీ చిన్న మసక బిళ్లల్లా కనిపిస్తాయి. సూది మొన లాంటి రెండు వెలుగుల కన్నా రెండు బిళ్లల వెలుగును పోల్చడం తేలిక. అయితే రెండు చుక్కల్నీ అద్దాలు లేకుండానే చూడాలి, తర్వాతి వారం కూడా అలాగే చూడాలి.

7. అంకె తేల్చడం

*రెండు చుక్కల మధ్య భాగాలు.* ప్రోసియన్ 0.4, పోలక్స్ 1.1. వాటి మధ్య వెలుగు దూరాన్ని మనసులో ఐదు భాగాలు అనుకోండి. ఆర్ద్ర ప్రోసియన్ కన్నా రెండు భాగాలు తక్కువ, పోలక్స్ కన్నా మూడు భాగాలు ఎక్కువ అనిపించింది. మొత్తం తేడా 0.7, అందులో ఐదింట రెండు వంతులు 0.28. దాన్ని 0.4కి కలిపితే 0.68. పుస్తకంలో 0.7 అని రాయండి. రెండో దశాంశం కంటికి అందదు, దాన్ని రాసినంత మాత్రాన కచ్చితత్వం రాదు.

నోట్‌బుక్‌లో ముందు "ప్రోసియన్ 2, ఆర్ద్ర, 3 పోలక్స్" అని మాత్రమే రాసి, లెక్క ఇంట్లోకి వచ్చాక చేయండి. బయటే అంకె లెక్కేస్తే, నచ్చిన అంకె వచ్చేలా భాగాల్ని సర్దేయాలనిపిస్తుంది. నమ్మండి, అందరికీ అనిపిస్తుంది.

*మెట్ల పద్ధతి.* దగ్గరలో ఒకే మంచి పోలిక చుక్క ఉంటే ఇది పనికొస్తుంది. మొదట సమానంగా అనిపించి, పదేపదే చూస్తే ఒకటి కాస్త ఎక్కువగా ఉందనిపిస్తే ఒక మెట్టు. కొద్ది చూపుల్లోనే తేడా తెలిసిపోతే రెండు. మొదటి చూపుకే తెలిస్తే మూడు. అలవాటైన కంటికి మెట్టు సుమారు 0.1 మాగ్నిట్యూడ్. నాలుగు మెట్లు దాటితే ఈ పద్ధతిని వదిలేసి రెండో చుక్కను వెతుక్కోండి.

8. ఎత్తు తేడా: అసలు చిక్కు ఇక్కడే

చుక్క క్షితిజానికి దగ్గరైన కొద్దీ దాని వెలుగు ఎక్కువ మందం గాలిలోంచి రావాలి. నడినెత్తిన ఉన్నప్పుడు ఆ మందాన్ని 1 అనుకుంటే, మిగతా ఎత్తుల్లో ఇలా ఉంటుంది:

- 60 డిగ్రీలు: 1.15
- 50 డిగ్రీలు: 1.3
- 45 డిగ్రీలు: 1.4
- 30 డిగ్రీలు: 2.0
- 20 డిగ్రీలు: 2.9

శుభ్రమైన ఆకాశంలో ఒక్కో గాలి మందం సుమారు 0.25 మాగ్నిట్యూడ్ మింగేస్తుంది. దుమ్ము, తేమ ఉంటే ఇంకా ఎక్కువ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆర్ద్ర తూర్పున 30 డిగ్రీల ఎత్తులో ఉంది, రోహిణి దాని పైన 50 డిగ్రీల్లో ఉంది. రెండూ సమానంగా కనిపించాయి. రోహిణి 0.9 కాబట్టి ఆర్ద్ర కూడా 0.9 అని రాసేస్తే తప్పు. గాలి మందం తేడా 2.0 − 1.3 = 0.7. దాన్ని 0.25తో గుణిస్తే దాదాపు 0.2. అంత వెలుగును ఆర్ద్ర గాలికి అదనంగా పోగొట్టుకుంది. కాబట్టి సరైన అంకె 0.9 − 0.2 = 0.7.

"ఆర్ద్ర మసకబారింది" అంటూ సీజన్ మొదట్లో వచ్చే కబుర్లలో చాలావాటికి కారణం ఇదే. సాయంత్రం వేళ తూర్పున రోహిణి ఎప్పుడూ పైన, ఆర్ద్ర ఎప్పుడూ కింద ఉంటాయి. పడమటికి వాలాక ఇది తిరగబడి, అదే ఆర్ద్ర రోహిణి కన్నా మెరుగ్గా కనిపిస్తుంది.

లెక్కలు వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. ఆర్ద్ర గరిష్ఠ ఎత్తుకు చేరిన తర్వాత సుమారు 50 నిమిషాలు ఆగండి. అప్పుడు ఆర్ద్ర ఒక పక్కకి, ప్రోసియన్ ఇంకో పక్కకి దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. జనవరి 20న రాత్రి పదకొండు లోపు, ఫిబ్రవరి 20న తొమ్మిది లోపు ఈ సమయం వస్తుంది. ఈ ఒక్క చిట్కా పాటిస్తే ప్రోసియన్‌తో పోల్చేటప్పుడు సవరణ గురించి ఆలోచించనక్కర్లేదు.

మీరు చూసే చుక్కలన్నీ 45 డిగ్రీల పైన ఉంటే తేడా 0.1 దాటదు, సవరణ మానేయొచ్చు. భూమధ్యరేఖకు బాగా దూరంగా ఉన్నవాళ్లకు ఆర్ద్ర అంత ఎత్తుకు రాదు, వాళ్లు మాత్రం లెక్క వేసుకోవాల్సిందే. ఏ చుక్క అయినా 20 డిగ్రీల కింద ఉంటే దాన్ని వాడకండి.

ఎత్తు కొలవడానికి చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి పెడితే సుమారు 10 డిగ్రీలు. యాప్‌లో చూసుకుంటే ఇంకా మేలు.

9. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

*రీడింగ్ ప్రతిసారీ ఒకేలా వస్తోంది.* పాత అంకె గుర్తుండిపోయింది. వారం గ్యాప్ ఇవ్వండి, ఈసారి పోలిక జంటను మార్చి చూడండి.

*ఇద్దరు పక్కపక్కన నిలబడి చూస్తే 0.3 తేడా వచ్చింది.* ఇది తప్పు కాదు. ఎరుపును ఒక్కో కన్ను ఒక్కోలా చూస్తుంది, వయసుతో కూడా మారుతుంది. ఒకరి అంకె చూసి ఇంకొకరు సరిదిద్దుకుంటే ఇద్దరి రికార్డూ పాడవుతుంది. మీ వరస మీ కంటితోనే సాగితే, పెరిగిందా తగ్గిందా అన్నది అందులోనే తెలుస్తుంది.

*పౌర్ణమి రోజుల్లో ఆర్ద్ర ఎక్కువగా కనిపిస్తోంది.* వెన్నెల, నగరం కాంతి, సంధ్య వెలుగు ఉన్నప్పుడు తెల్ల చుక్కలతో పోలిస్తే ఎర్ర చుక్క మెరుగ్గా అనిపించవచ్చు. చంద్రుడు ఓరియన్, వృషభం, మిథునం దగ్గర ఉన్న రాత్రులు వదిలేయండి.

*ప్రోసియన్‌తో ఒక అంకె, రోహిణితో ఇంకో అంకె.* 0.2 లోపు అయితే సగటు తీసుకోండి. అంతకు మించితే ఎత్తులు చూడండి, తర్వాత మబ్బు చూడండి. ఆ రెండూ బాగుంటే రాత్రి ఆలస్యంగా మళ్లీ ఒకసారి కొలవండి.

10. అంకె మరీ తక్కువ వెలుగు చూపిస్తే

1.3 లాంటి అంకె వస్తే ఎవరికీ చెప్పే ముందు ఒక పరీక్ష చేయండి. ఆర్ద్రను బెల్లాట్రిక్స్‌తో పోల్చండి. రెండూ దగ్గర దగ్గరగా, దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి గాలి ప్రభావం రెండింటి మీదా దాదాపు సమానం. మామూలు రోజుల్లో ఆర్ద్ర ఎంతో మెరుగ్గా ఉంటుంది. అందుకే రోజువారీ కొలతకు బెల్లాట్రిక్స్ పనికిరాదు, అంత పెద్ద తేడాను కన్ను సరిగ్గా అంచనా వేయలేదు. కానీ అనుమానం తీర్చుకోవడానికి దాన్ని మించింది లేదు.

రెండు భుజాలూ సమానంగా కనిపిస్తే అది నిజమైన విశేషం. 2019 చివర్లో మొదలై 2020 ఫిబ్రవరిలో అలాగే జరిగింది, ఆర్ద్ర సుమారు 1.6కి పడిపోయింది. నక్షత్రం నుంచి వెలువడిన పదార్థం చల్లబడి ధూళి మేఘంగా మారి, మన వైపు వచ్చే వెలుగుకు అడ్డుపడింది. పేలిపోతుందేమోనన్న టెన్షన్ అప్పుడు చాలామందికి పట్టుకుంది. కొన్ని నెలల్లోనే వెలుగు తిరిగి వచ్చింది.

11. రాసుకోవడం, పంపడం

నోట్‌బుక్‌లో ఒక్కో కొలతకు ఇవి ఉండాలి:

- తేదీ, సమయం, అది ఏ టైమ్ జోన్ అన్నది
- పోలిక చుక్కలు, వాటి అంకెలు
- భాగాలు లేదా మెట్లు, చూసినవి చూసినట్టు
- ఆర్ద్ర ఎత్తు, పోలిక చుక్కల ఎత్తు
- ఆకాశం ఎలా ఉంది: వెన్నెల, పొగ, మబ్బు
- లెక్కేసిన మాగ్నిట్యూడ్; సవరణ చేసి ఉంటే ముందు అంకె, తర్వాతి అంకె రెండూ

మీ కొలతలు పరిశోధకులకు పనికిరావాలంటే అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్‌కు పంపొచ్చు. 1911లో మొదలైన ఈ సంస్థ ఏ దేశం వాళ్ల దగ్గరి నుంచైనా కొలతలు తీసుకుంటుంది. సభ్యత్వం కొనక్కర్లేదు, ఉచితంగా అబ్జర్వర్ కోడ్ ఇస్తారు. వాళ్ల సైట్‌లోనే చార్ట్ తయారుచేసుకోవచ్చు. చార్ట్‌లో 04 అని ఉంటే 0.4 అని అర్థం. చుక్క అనుకుంటారని దశాంశ బిందువును అక్కడ వేయరు.

పంపేటప్పుడు ఎక్కువగా తప్పేది తేదీ. సమయాన్ని యూనివర్సల్ టైమ్‌లోకి మార్చాలి. గ్రీనిచ్‌కు తూర్పున ఉన్నవాళ్లకు అర్ధరాత్రి దాటాక చేసిన కొలత, అక్కడి లెక్కలో ముందు రోజుకి వెళ్లొచ్చు. చార్ట్ నంబర్ రాయడం మర్చిపోకండి. వెన్నెల ఉంటే బీ, మబ్బు లేదా పొగ ఉంటే యూ, చుక్క బాగా కింద ఉంటే ఎల్, అంకె మీద అనుమానం ఉంటే జెడ్ అనే కోడ్ జతచేయండి. ఎత్తు సవరణ చేసి ఉంటే ఆ మాట కామెంట్‌లో రాయాలి. కోడ్ పెడితే కొలత విలువ తగ్గిపోతుందేమోనని కొందరు వదిలేస్తారు. నిజానికి అనుమానం రాసి పంపిన కొలతనే వాడుకునేవాళ్లు ఎక్కువ నమ్ముతారు.

పంపాకే వాళ్ల గ్రాఫ్ తెరిచి, మీ చుక్క మిగతావాళ్ల మధ్య ఎక్కడ పడిందో చూసుకోండి. ముందు చూస్తే మీ కన్ను ఆ గ్రాఫ్ చెప్పినట్టే చూస్తుంది.

12. ఫోన్ కెమెరాతో కుదరదా?

ఫోన్ ఫోటో వెలుగును తన ఇష్టం వచ్చినట్టు దిద్దేస్తుంది, దాన్ని కొలతగా తీసుకోలేం. డీఎస్‌ఎల్‌ఆర్ ఉంటే రా ఫార్మాట్‌లో (కెమెరా దిద్దని అసలు ఫైల్), ఫోకస్ కొద్దిగా తప్పించి, చుక్క మధ్యభాగం పూర్తిగా తెల్లబడిపోకుండా కనీసం పది ఫోటోలు తీసి, ఆకుపచ్చ చానెల్‌ను మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడు కూడా ఎనిమిదో అంశంలోని ఎత్తు సవరణ తప్పదు, కెమెరాకూ అదే గాలి అడ్డం. దాని సాఫ్ట్‌వేర్ పని వేరే పెద్ద సబ్జెక్ట్. కంటితో ఒక సీజన్ పూర్తిచేశాక అటు వెళ్లడం మంచిది.